ఎక్కడా వాడటం లేదు

ఆసుపత్రి వెబ్‌సైట్‌లోకి కాగితాలు ఎక్కించడం నా ఉద్యోగం. డాక్టర్ల డ్యూటీ పట్టికలు, టెండర్ నోటీసులు, ఆపరేషన్‌కి ముందు ఏం తినకూడదో చెప్పే పత్రాలు, పార్కింగ్ నిబంధనలు, ఏవైనా సరే. ఎవరు ఏది పంపినా పీడీఎఫ్ చేసి, పేరు పెట్టి, ఏ పేజీలో ఉండాలో ఆ పేజీలో లింకు తగిలిస్తాను. పేరు మాత్రం నేనే పెట్టాలి. ఎందుకంటే మావాళ్ళు పంపే ఫైళ్ళ పేర్లు ‘ఫైనల్’, ‘కొత్త ఫైనల్’, ‘ఇదే అసలు ఫైనల్’ అని ఉంటాయి. పుట్టిన పిల్లాడికి పేరు పెట్టమంటే ‘పిల్లాడు’ అని పెట్టే రకం మనుషులు.

అయితే వాటిలో ఏముందో నేను చదవను. ఉత్తరాలు పంచేవాడు దారిలో కూర్చుని ఉత్తరాలు చదువుకుంటాడా? ఎవరైనా అడిగితే ఇదే మాట అనేదాన్ని, కాస్త పొగరుగానే.

ఆ రోజు పొద్దున నేను కంప్యూటర్ తెరిచేసరికి స్క్రీన్ పైన ఎర్రగీత కనిపించింది. సర్వర్‌లో చోటు నిండిపోయింది, ఇక కొత్త ఫైలు ఒక్కటి కూడా ఎక్కదు. మధ్యాహ్నం లోపల ఒక టెండర్ నోటీసు ఎక్కి తీరాలి. సంగతి చెప్పగానే మా ఆఫీసరు కుర్చీ ఈడ్చుకుని నా పక్కన వచ్చి కూర్చున్నాడు. ఆయనకి మేం పెట్టుకున్న పేరు ఖాళీ సార్. ఏ గదిలో అడుగుపెట్టినా ముందు అక్కడి బీరువా ఖాళీ చేయిస్తాడు. మనిషి చెడ్డవాడు కాదు. ఆయనకి నిండుగా ఉన్నదేదైనా చూస్తే చేతులు దురద పెడతాయి, అంతే.

“వాడనివన్నీ తీసి పారేద్దాం. ఏవి వాడుతున్నామో, ఏవి వాడట్లేదో ఇది చెప్తుంది కదా?” అన్నాడు.

చెప్తుంది. మా సిస్టమ్ ప్రతి ఫైలు పక్కనా అది మా వెబ్‌సైట్‌లో ఎన్ని పేజీల్లో ఉందో లెక్క చూపిస్తుంది. ఏ పేజీలోనూ లింకు లేకపోతే బూడిదరంగు అక్షరాల్లో ‘ఎక్కడా వాడటం లేదు’ అని రాస్తుంది. అలాంటివన్నీ ఒకచోటికి తెచ్చాను. స్క్రీన్ కిందికి జరుపుతూ ఉంటే వస్తూనే ఉన్నాయి, ఎడతెగని వానలాగా.

“ఒక్కోటీ తెరిచి చూసి తీద్దాం సార్,” అన్నాను.

“ఇవన్నీ చూస్తూ కూర్చుంటే మనం రిటైరైపోతాం. మీకంటే, నాకంటే దానికి బాగా తెలుసు. కానివ్వండి.”

నాకూ విసుగ్గానే ఉంది. అన్నీ ఎంచుకుని డిలీట్ నొక్కాను. అవి చెత్తబుట్టలోకి వెళ్ళాయి గానీ ఎర్రగీత కదలలేదు. బుట్టలో ఉన్నా చోటు తింటాయి మరి. ఖాళీ సార్ ఆగలేక నా చేతి కింది నుంచి మౌస్ లాక్కుని బుట్ట కూడా ఖాళీ చేశాడు. ‘ఇక తిరిగి తేవడం కుదరదు, ఖాయమా?’ అని సిస్టమ్ అడిగింది. ఆయన ఖాయమన్నాడు. ఎర్రగీత పచ్చబడింది.

“చూశారా, ఎంత హాయిగా ఉందో!” అంటూ చేతులు రుద్దుకున్నాడు. అబద్ధం ఎందుకు, నాకూ హాయిగానే అనిపించింది. టెండర్ నోటీసు ఎక్కించి, దాన్ని పేజీలో తగిలించి, టీ తెచ్చుకుందామని లేస్తున్నాను. ఫోన్ మోగింది. ఇంటి నుంచి కంగారక్క.

కంగారక్క అంటే పగటిపూట మా అన్నయ్యని చూసుకునే మనిషి. ఆ పేరు అన్నయ్యే పెట్టాడు. అన్నయ్యకి కండరాలు సన్నగిల్లిపోయే జబ్బు. ఒకప్పుడు షాపుల బోర్డులు రాసేవాడు, నిచ్చెనెక్కి రెండంతస్తుల ఎత్తు అక్షరాలు రాసినవాడు. ఇప్పుడు కుడిచేతి బొటనవేలు ఒక్కటే చెప్పినమాట వింటుంది. ఛాతీకి గాలి పీల్చుకునే బలం చాలదు. మంచం పక్కన ఉన్న మెషీన్ గొట్టం గుండా మాస్కులోకి గాలి నెడుతూ ఉంటుంది. ఆ మాస్కు తీస్తే కాసేపు కూడా నిలవలేడు. ఇలాంటి మెషీన్లు మా ఆసుపత్రే ఇళ్ళకి ఇస్తుంది.

వదిన సిటీ బస్సు నడుపుతుంది. స్టీరింగ్ ముందు కూర్చునేవాళ్ళ ఫోన్లు డిపోలో లాకర్‌లో పెట్టాలని వాళ్ళ రూలు. అందుకే పగలు ఏ అవసరం వచ్చినా ఫోన్ నాకే. కంగారక్క మనసు వెన్న, కానీ పాలు పొంగితే ఇల్లు అంటుకున్నట్టు కేకలేస్తుంది. వదిన ఆమెని పనిలో పెట్టుకున్న రోజే పక్కన కూర్చోబెట్టి ఒక్కటంటే ఒక్కటే నేర్పింది. “మెషీన్ అరిస్తే నువ్వేం ఆలోచించకు. దాని మీద స్టిక్కర్ ఉంది కదా, ఫోన్‌తో స్కాన్ చెయ్యి. కాగితం వస్తుంది. అందులో ఏం రాసుంటే అది చెయ్యి. అంతే.”

ఇంతకుముందు మెషీన్ అరిచినప్పుడల్లా అలాగే చేసింది, చక్కగా చేసింది.

“మేడమ్,” అంది ఇప్పుడు. వెనకాల మెషీన్ అరుపు వినిపిస్తోంది, మూడు కూతలు, కాస్త విరామం, మళ్ళీ మూడు కూతలు. “స్కాన్ చేస్తే కాగితం రావట్లేదు మేడమ్. ‘మీరు అడిగిన పేజీ లేదు’ అంటోంది. మళ్ళీ మళ్ళీ చేశాను. లేదు లేదంటోంది. ఏం చెయ్యమంటారు?”

ఆమె మాట పూర్తికాకముందే నాకు అర్థమైపోయింది. ఆ స్టిక్కర్ మా వెబ్‌సైట్‌లో లేదు, అన్నయ్య మంచం పక్కన మెషీన్ మీద ఉంది. ఏ పేజీలోనూ పెట్టొద్దు, నేరుగా స్టిక్కర్‌కి ఇచ్చుకుంటానని మెషీన్లు అమర్చే గొట్టాల మాష్టారు అడిగితే అలాగే ఎక్కించి అడ్రసు ఇచ్చాను. మా సిస్టమ్‌కి తన పేజీలు తప్ప వేరే లోకం తెలియదు. ఎవరి ఇంట్లో, ఏ మెషీన్ మీద, ఏ స్టిక్కర్ ఉందో దానికేం పట్టింది? ఎక్కడా వాడటం లేదని రాసేసింది. మేం నమ్మేశాం.

“అక్కా, అన్నయ్య ఎలా ఉన్నాడు?”

“కళ్ళు పెద్దవి చేసి నన్నే చూస్తున్నాడు మేడమ్. ఛాతీ ఎగరేస్తున్నాడు. మాస్కు తీసెయ్యనా?”

“ఆగు! తియ్యకు. ఏమీ ముట్టుకోకు. ఫోన్ స్పీకర్‌లో పెట్టి పక్కన పెట్టు.”

ముట్టుకోకు అన్నానే గానీ, ముట్టుకోకుండా ఏం చేస్తుంది? తీయాలో వద్దో నాకు మాత్రం ఏం తెలుసు? ఆ కాగితం నా చేతులతో నేనే ఎక్కించాను. మాష్టారు మార్చి పంపినప్పుడల్లా అదే అడ్రసులో పాతదాని చోట కొత్తది పెట్టాను. దాని పేరు తెలుసు, ఎంత బరువో తెలుసు, ఏ నెలలో ఎక్కిందో తెలుసు. లోపల ఒక్క వాక్యం తెలియదు. సొంత అన్న ఊపిరి ఆ కాగితంలో ఉందని తెలిసి కూడా ఒక్కసారి తెరిచి చదివిన పాపాన పోలేదు.

“సార్, మెషీన్ కాగితం పోయింది. మనం పొద్దున తీసినవాటిలో ఉంది. మా అన్నయ్యకి ఊపిరాడట్లేదు,” అన్నాను.

ఖాళీ సార్ ముఖంలో రంగు దిగిపోయింది. ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. నా నుంచి ఇంటి అడ్రసు తీసుకుని అంబులెన్స్‌కి ఫోన్ చేశాడు. బయలుదేరుతోందట. ఈ వేళప్పుడు ఆ రోడ్డు మీద బయలుదేరడం వేరు, చేరడం వేరు. గొట్టాల మాష్టారికి ఫోన్ కొడితే మోగి మోగి ఆగిపోయింది. ఇంటెన్సివ్ వార్డులో ఉన్నాడని ఎవరో చెప్పారు, అక్కడికి ఫోన్లు రానివ్వరు. “నేను తీసుకొస్తా,” అని ఖాళీ సార్ మెట్ల వైపు పరిగెత్తాడు. ఆ మనిషి పరిగెత్తగా చూడటం అదే మొదటిసారి.

నేను చెత్తబుట్ట తెరిచాను. శుభ్రంగా ఉంది. సర్వర్ వాళ్ళ దగ్గర నకలు ఉంటుంది, కానీ అడిగితే రేపు ఇస్తారు. రేపటి ఊపిరి ఎవరికి కావాలి? సిస్టమ్‌లో ‘శ్వాస మెషీన్’ అని వెతికాను. ఒక్కటి దొరికింది! ఒక పాత వార్తల పేజీలో లింకు ఉండబట్టి అది బతికిపోయింది.

“దొరికింది అక్కా! నేను చదువుతాను, నువ్వు చెయ్యి,” అని అరిచాను.

“చదవండి మేడమ్, చదవండి.”

“‘అలారం మోగితే ముందు మెషీన్ ఆపండి. కాసేపు ఆగి మళ్ళీ వెయ్యండి.’ వెనక వైపు స్విచ్ ఉంటుంది చూడు.”

“ఉంది మేడమ్. పట్టుకున్నాను. ఆపనా?”

నాలుక చివర ‘ఆపు’ అనే మాట ఉంది. అప్పుడు నా కన్ను కాగితంలోని బొమ్మ మీద పడింది. తెల్లగా, గుండ్రంగా, అన్నం కుక్కర్‌లా ఉంది మెషీన్. అన్నయ్య పక్కన ఉన్నది అలాంటిది కాదు. కొత్త మెషీన్ పాత స్టాండ్ మీద పట్టట్లేదని వదిన ఒకరోజంతా ఆసుపత్రిని, నన్ను, ఆ స్టాండ్ చేసినవాణ్ని కలిపి తిట్టింది. పట్టకపోవడానికి కారణం అది పలకలుగా ఉండటం.

“అక్కా, ఆ మెషీన్ గుండ్రంగా ఉందా, పెట్టెలా ఉందా?”

“పెట్టెలా ఉంది. నల్లగా.”

“స్విచ్ వదులు! చెయ్యి తీసెయ్! ఆపకు!”

“తీశాను మేడమ్, తీశాను!” అంది ఏడుపు గొంతుతో. మెషీన్ కూతల మధ్య విరామం తగ్గింది.

ఇది పాత మెషీన్‌కి రాసిన కాగితం. కొత్తదానికి పనికొస్తుందో, ప్రాణం తీస్తుందో నాకు తెలియదు. ఖాళీ సార్ మీద, సిస్టమ్ మీద, ఫోన్ బయట పెట్టించే వార్డు మీద, అందరికంటే ఎక్కువగా నా మీద నాకే ఒళ్ళు మండిపోయింది. కాగితం లోపలిది నీకు తెలియదు సరే, పైపైన తెలిసినదైనా ఏదైనా పనికొస్తుందేమో చూడవే, అని నన్ను నేనే తిట్టుకున్నాను.

పైపైన. ఆ మాట దగ్గర ఆగాను.

ఏ పీడీఎఫ్ ఎక్కించినా మా సిస్టమ్ దాని మొదటి పేజీని ఫొటో తీసి వేరే ఫోల్డర్‌లో పెట్టుకుంటుంది, లిస్టులో బొమ్మగా చూపించడానికి. అసలు ఫైలు తీసేసినా ఆ ఫొటో పోదు. అదొక లోపం. సిస్టమ్ తయారుచేసిన కంపెనీవాళ్ళకి ఎన్నిసార్లు మొత్తుకున్నా సరిచెయ్యలేదు. ‘పోయినవాళ్ళ ఫొటోలు’ అని వాటిని తిట్టుకుంటూ ఉండేదాన్ని. అవి నెలలవారీగా ఉంటాయి. ఈ కాగితం ఏ నెలలో ఎక్కిందో నాకు తెలుసు. నాకు తెలిసిందల్లా అదే కదా!

ఆ నెల ఫోల్డర్ తెరిచాను. ఉంది. చిన్న సైజులో చీమలు పాకినట్టుంది. పెద్ద సైజు తెరిచాను. అక్షరాలు అలుక్కుపోయాయి గానీ కళ్ళు చికిలిస్తే తెలుస్తున్నాయి. పైన నల్లటి పెట్టె బొమ్మ. కింద రంగు రంగుల గళ్ళు.

“అక్కా, ఏ రంగు లైటు వెలుగుతోంది?”

“పసుపు మేడమ్. వెలుగుతూ ఆరుతూ ఉంది.”

పసుపు గడి మీద వేలు పెట్టి, పలక మీద అక్షరాలు దిద్దే పిల్లలా కూడబలుక్కుంటూ చదివాను. “మాస్కు తియ్యకండి. మెషీన్ ఆపకండి. గొట్టం కిందికి వేలాడేచోట నీళ్ళు చేరాయేమో చూడండి.”

“ఉన్నాయి మేడమ్! బోలెడున్నాయి, గుడగుడమంటున్నాయి. ఎత్తి చూపించనా...”

“ఎత్తకు! ‘గొట్టం పైకెత్తకండి, నీళ్ళు ముఖంలోకి పోతాయి’ అని ఉంది. కిందే ఉంచు. కిందే పట్టుకుని, మెషీన్ దగ్గర గొట్టం ఊడదియ్యి. నీళ్ళు వంచెయ్యి. వెంటనే తగిలించు. చేస్తున్నావా?”

“ఊడట్లేదు.”

“తిప్పుతూ లాగు.”

కూతలు ఆగి, ఒక్కటే పొడుగాటి అరుపు మొదలైంది. నీళ్ళు నేల మీద పడ్డ చప్పుడు వినిపించింది. నేను బల్ల అంచు పట్టుకుని నిలబడిపోయాను. ఆ అరుపు ఎంతసేపు సాగిందో నాకు తెలియదు. ఉన్నట్టుండి ఆగింది. తర్వాత మెల్లగా, తెరలు తెరలుగా గాలి పోతున్న చప్పుడు వచ్చింది.

“మేడమ్,” అంది కంగారక్క గుసగుసగా. “అరవడం మానేసింది.”

“అన్నయ్య?”

“ఊపిరి తీసుకుంటున్నాడు. రంగు వస్తోంది. తన ఫోన్ ఇమ్మని కళ్ళతో అడిగితే వేలి కింద పెట్టాను. ఏదో రాస్తున్నాడు మేడమ్, ఒక్క వేలితోనే దంచేస్తున్నాడు.”

నా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ‘ఇంతకీ ఎందుకు పోయింది?’

ఏడుస్తూనే చెప్పాను. స్పీకర్‌లో వింటున్నాడు. ఎక్కడా వాడటం లేదని చూపిస్తే తీసేశాం అన్నయ్యా అన్నాను. కాసేపటికి ఇంకో మెసేజ్. ‘నా పక్కన కూడా అలాగే రాసుంటుంది. చూసి నొక్కవే తల్లీ.’

నవ్వాను, ఏడ్చాను, ముక్కు చీదాను. బోర్డులు రాసేరోజుల నుంచీ ఇంతే, ఎక్కడ తగలాలో చూసి కొడతాడు.

అప్పటికి ఖాళీ సార్ రొప్పుతూ గొట్టాల మాష్టారిని తీసుకొచ్చాడు. మాష్టారు ఫోన్‌లో కంగారక్కతో మాట్లాడి, గొట్టం గట్టిగా తిప్పించి, గాలి లెక్క చదివించుకుని, “ఫర్వాలేదు, అంబులెన్స్ వచ్చాక కూడా ఒకసారి చూస్తారు,” అన్నాడు. తన మెయిల్‌లో ఉన్న కాగితం నాకు పంపాడు. నేను ఎక్కించబోతూ ఆగి, తెరిచి, మొదటి మాట నుంచి చివరి మాట దాకా చదివాను. ఖాళీ సార్ నా భుజం మీది నుంచి చదివాడు. ఎవరూ తొందరపెట్టలేదు.

ఎక్కించాను. కానీ అంతటితో కాలేదు. ఉన్న ఫైలుని మారిస్తే అడ్రసు అదే ఉంటుంది గానీ, పోయినదాన్ని మళ్ళీ ఎక్కిస్తే అడ్రసు కొత్తది వస్తుంది. స్టిక్కర్లన్నీ పాత అడ్రసుకే పోతాయి. పాత అడ్రసుకి ఎవరొచ్చినా కొత్తదానికి పంపమని సిస్టమ్‌కి చెప్పాలి. అందుకోసం, ఎవరైనా అడిగినా దొరకని అడ్రసులన్నీ సిస్టమ్ రాసిపెట్టే పేజీ తెరిచాను.

పాత అడ్రసు అక్కడ ఉంది. చివర పదిహేడు అన్న సంఖ్య.

“ఈ పదిహేడేంటి మాష్టారూ?”

“మెషీన్ నంబరు. ఏ మెషీన్ ఎన్నిసార్లు అరుస్తోందో నాకు తెలియాలని ఒక్కో స్టిక్కర్‌కి దాని నంబరు తగిలించాను. పదిహేడు మీ అన్నయ్యది.”

పదిహేడు కొన్నిసార్లు ఉంది, కంగారక్క మళ్ళీ మళ్ళీ స్కాన్ చేసినవి. దాని పైన, దాని కింద, మధ్యలో, మరో నంబరు ఉంది. ఇరవై మూడు. మేం బుట్ట ఖాళీ చేసిన కాసేపటికే మొదలైంది. ఇరవై మూడు, ఇరవై మూడు, ఇరవై మూడు. నేను మా అన్నయ్య కోసం వెతుకుతున్నంతసేపూ వస్తూనే ఉంది. ఆఖరుది ఇప్పుడే, నేను ఈ పేజీ తెరవడానికి కాస్త ముందు.

మాష్టారు స్క్రీన్ మీదికి వంగాడు. “ఆవిడ... బట్టలు కుట్టే ఆవిడ. ఒక్కతే ఉంటుంది,” అంటూనే ఫోన్ తీసి నంబరు నొక్కాడు.

నేను దారి మళ్ళింపు సేవ్ చేశాను. ఇప్పుడు ఆమె మళ్ళీ స్కాన్ చేస్తే కాగితం వస్తుంది. చెయ్యి తల్లీ, ఇంకొక్కసారి చెయ్యి అనుకుంటూ పేజీని చూస్తూ కూర్చున్నాను. కొత్తగా ఏమీ రాలేదు. ఫోన్ మోగుతోంది, ఎవరూ ఎత్తట్లేదు. ఖాళీ సార్ అప్పటికే ఇంకో అంబులెన్స్‌తో మాట్లాడుతున్నాడు. “అడ్రసు చెప్పండి, అడ్రసు!” అని అరుస్తుంటే మాష్టారు తన ఫోన్ నా చేతిలో పెట్టి ఆయన దగ్గరికి వెళ్ళాడు.

మోగుతోంది. చెవికి అదిమి పెట్టుకున్నాను. మోగడం ఆగింది.

ఎవరో ఎత్తారు. హలో లేదు. మాస్కు ఉన్నవాళ్ళు హలో అనలేరు. వెనక నుంచి మూడు కూతలు వినిపించాయి, కాస్త విరామం, మళ్ళీ మూడు కూతలు. నా స్క్రీన్ మీద కాగితం లేదు, అడ్రసుల పేజీ ఉంది. వెనక్కి వెళ్ళి కాగితం తెరవాల్సిన పనే రాలేదు.

“మాస్కు తియ్యకండమ్మా,” అన్నాను. “మెషీన్ ఆపకండి. నేను ఆసుపత్రి నుంచి మాట్లాడుతున్నాను, ఏం చెయ్యాలో నాకు తెలుసు, నేను చెప్తాను. లైటు పసుపురంగులో ఉంటే ఫోన్ మీద ఒక్కసారి తట్టండి.”

ఊపిరి బిగబట్టి విన్నాను.

తట్టింది.